నాన్నకి రిపేరు బిల్లంటే భయం, నాకు ఆ బండంటే ఇష్టం

రాజోలు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 29. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు, మట్టి పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. రోజూ గోదావరి మీది చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వెళ్లి రావాలి. రానూపోనూ 80 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ బస్సులు, ఆటోలు, స్కూటీతో నెట్టుకొచ్చారు. ఆరేళ్లలో 11 లక్షలు కూడబెట్టారు. ఇది ఆమె కొనబోయే మొదటి కారు.

నాన్నగారు ఒకప్పుడు అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు వేసుకుని సొంత లారీ నడిపేవారు. డిగ్రీ సెలవుల్లో కాలవగట్టు మీద పాత జీపులో ఆమెకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. రెండేళ్ల క్రితం హైదరాబాదులో బావగారి స్నేహితుడి బీఎండబ్ల్యూ 320డిని ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు నడిపారట. "రోడ్డు నా చేతికి తెలుస్తున్నట్టు అనిపించిందండీ. అప్పటినుంచీ ఇంకే కారూ కంటికి ఆనడం లేదు" అని రాశారు.

ఇప్పుడు మూడు బండ్లు చూశారు. హైదరాబాదులో 2014 బీఎండబ్ల్యూ 320డి, 92,000 కిలోమీటర్లు తిరిగింది, పదిన్నర లక్షలు. అక్కడే 2012 ఆడి ఏ4 డీజిల్, 68,000 తిరిగిందంటున్నారు, ఏడుంపావు. విజయవాడలో 2015 స్కోడా ఆక్టేవియా డీజిల్ ఆటోమేటిక్, లక్షా పదివేలు తిరిగింది, ఎనిమిదిన్నర. ఇంట్లో చెప్పకుండానే బీఎండబ్ల్యూకి 20,000 టోకెన్ ఇచ్చేశారు. ఆదివారం ఇంకో పార్టీ వస్తోందని బ్రోకరు తొందరపెడుతున్నాడు. తమ్ముడు ఆ డబ్బుతో కొత్త ఎస్‌యూవీ తీసుకోమంటున్నాడు. పెళ్లివారు ఏమనుకుంటారోనని అమ్మ బాధ. నాన్నగారు నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. ఆయన అన్నది ఒక్కటే మాట: "బండి కొనడం తేలికేనమ్మా. దాన్ని మొయ్యడం ఉంది చూడు, అదీ కష్టం." ఏ బండి తీసుకోవాలి, నాన్నను కాదని తీసుకోవచ్చా, అసలు నాది పిచ్చి కోరికా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీది పిచ్చి కోరిక కాదు. రోజుకు రెండు గంటలకు పైగా మీరు ఆ సీట్లోనే గడపబోతున్నారు. నడపడం అంటే ఇష్టం ఉన్న మనిషి నడపడానికి బాగుండే బండి కోరుకోవడం సహజం. మీ డబ్బు మీరు సంపాదించుకున్నది. పెళ్లివారి సంగతి అమ్మగారితో నెమ్మదిగా మాట్లాడండి. కారు చూసి వెనక్కి వెళ్లే సంబంధం వెళ్లిపోవడమే మంచిదని నా అభిప్రాయం. దాని గురించి ఇంతకంటే చెప్పను.

నాన్నగారి మాటే అసలు విషయం. మీ ఉత్తరంలో మూడో పేజీ చివర ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు: "2009లో లారీ ఇంజను బిగుసుకుపోయి సీజ్ అయింది, కిస్తీలు కట్టలేక ఫైనాన్స్ వాళ్లకు వదిలేశారు." దాన్ని నేను మూడుసార్లు చదివాను. మీరు ఆయన్ని ఒప్పుకోని తండ్రిగా చూస్తున్నారు. నాకైతే ఒక రిపేరు వల్ల బతుకుతెరువు పోగొట్టుకున్న మనిషి కనిపిస్తున్నారు. ఆయన భయం బీఎండబ్ల్యూ అంటే కాదు, బిల్లంటే. ఆ భయానికి లెక్కతో జవాబు చెప్పాలి. చెప్పగలిగితే ఆయన మీ వైపు వస్తారు. చెప్పలేకపోతే ఆయన అన్నదాంట్లో నిజం ఉన్నట్టే.

కాబట్టి లెక్క చూద్దాం. ఆ 320డి కొత్తగా రోడ్డెక్కినప్పుడు 30 లక్షల పైమాటే. పదేళ్లు దాటేసరికి దాని ధర మూడోవంతుకు వచ్చింది. కానీ దాని బ్రేకు డిస్కుల ధర, షాక్ అబ్జార్బర్ల ధర, హెడ్‌లైటు ధర మూడోవంతుకు రాలేదు. అవి ఇప్పటికీ 30 లక్షల బండి సామాన్లే. ఈ రకం పాత జర్మన్ బండ్లు కొని ఏడాదిలోనే నష్టానికి అమ్ముకునేవాళ్లలో చాలామంది బండి చెడ్డదై అమ్మరు. ఉన్న డబ్బంతా కొనడానికే పెట్టేసి, మొదటి పెద్ద బిల్లు రాగానే చేతులెత్తేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. జొన్నాడ వంతెన దాటాక ఇంజను వేడెక్కి ఆగిపోతే, తప్పు థర్మోస్టాటు దగ్గర ఉందని తేలడానికే రెండు షెడ్లు మారాల్సి వచ్చింది. బాగుచేయించే డబ్బు కోసం చిట్టీ ముందే పాడుకున్నాను.

అందుకే నా లెక్కలో మీ 11 లక్షల్లో రెండున్నర నుంచి మూడు లక్షలు అసలు ముట్టుకోకూడదు. అది వేరే ఖాతాలో బండి పేరు మీద ఉండాలి. అంటే మీ బడ్జెట్ 11 కాదు, 8 లక్షలు. అందులోనే పేరు మార్పిడి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, కొన్న వెంటనే చేయించాల్సిన పూర్తి సర్వీసు కూడా రావాలి. ఇక నెల ఖర్చు. నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కిలోమీటర్లు, ఏడాదికి 24,000. లీటరుకు 15 ఇచ్చిందనుకున్నా 1,600 లీటర్ల డీజిలు. లీటరు 97 అనుకుంటే ఏడాదికి లక్షా యాభై అయిదు వేలు, అంటే నెలకు దాదాపు 13,000. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ భాగమే 1500 సీసీ దాటిన కారుకు 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం 7,897, పన్ను అదనం. ఈ అంకెలు ఒక కాగితం మీద వేసి, మీ జీతం పక్కన రాసి, ముందు మీరు చూసుకోండి. తర్వాత నాన్నగారి ముందు పెట్టండి. లారీ నడిపిన మనిషికి కిలోమీటరు ఖర్చు లెక్క మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు బండ్ల గురించి. మీ మనసు దాని మీదే ఉంది కాబట్టి 320డితో మొదలుపెడతాను. ఎఫ్30 అనే ఈ తరం మనదేశానికి 2012లో వచ్చింది. 184 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, వెనక చక్రాలకు శక్తి, జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. మీ చేతికి రోడ్డు తెలిసిందన్నారే, ముందు చక్రాలు తిరగడానికే, వెనక చక్రాలు తొయ్యడానికే పనిచేసే ఈ అమరిక దానికి ఒక ముఖ్య కారణం. గేర్‌బాక్సు చాలా గట్టిది. బీఎండబ్ల్యూ దాని ఆయిలు జీవితకాలం మార్చనక్కర్లేదని చెప్పినా, దాన్ని తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఈ బండి సరిగ్గా ఆ వయసులో ఉంది. మార్చిన బిల్లు ఉందా అని అడగండి. లేకపోతే ఆ ఖర్చు మీ మీదే.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంజను దగ్గర. 2014 బండిలో ఉండేది ఎన్47 ఇంజను. దీని టైమింగ్ చైను, అంటే ఇంజను వాల్వుల్ని సమయానికి తెరిచి మూయించే గొలుసు, మామూలుగా ఉండే ముందువైపు కాకుండా వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. అది అరిగి సాగితే చప్పుడు చేస్తుంది. తెగితే ఇంజను పోయినట్టే. మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి, కొన్నిసార్లు ఇంజనే దించాలి. అందుకే సామాను కంటే కూలీ ఎక్కువవుతుంది. 2007-2011 మధ్య వచ్చిన ఇంజన్లలో ఈ ఫిర్యాదు ఎక్కువ. తర్వాత వాటిలో తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 2015-16 తర్వాత బీ47 అనే కొత్త ఇంజను వచ్చింది. అది ఉన్న బండి దొరికితే మేలే కానీ ఇప్పుడు మీ ధరలో దొరకదు. చైను సంగతి తెలిసేది ఒక్కటే సమయంలో. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజనుకు తెల్లవారి మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు, ఇంజను వెనక భాగం నుంచి గొలుసు రాసుకున్నట్టు గరగర వినిపిస్తుంది. యాక్సిలరేటరు కొంచెం నొక్కి 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఉంచితే ఇంకా తెలుస్తుంది. వేడెక్కాక చప్పుడు మరుగున పడుతుంది. మీరు వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంచితే అది మర్యాద కోసమని అనుకోకండి.

ఆడి ఏ4 మీద నాకు ఆశ లేదు. చూడటానికి అందంగా ఉంటుంది, ధర తక్కువ. ఆ ఏడాది 2.0 టీడీఐ డీజిల్‌లో వచ్చింది మల్టీట్రానిక్ అనే గేర్‌బాక్సు. అందులో గేర్లుండవు, గొలుసు మీద నడుస్తుంది. ప్రతి 60,000కి ఆయిలు మార్చకుండా నడిపితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు జర్కులు మొదలవుతాయి. అది తెలిసి బాగుచేసే మనుషులు హైదరాబాదులోనే తక్కువ, మన జిల్లాల్లో ఎక్కడ వెతుకుతారు? పైగా పన్నెండేళ్లు దాటిన డీజిలు బండి 68,000 మాత్రమే తిరిగిందంటే నాకు నమ్మకం కుదరదు. దీన్ని వదిలేయండి.

ఆక్టేవియా పుట్టుక చెక్ దేశానిదైనా లోపలున్నదంతా ఫోక్స్‌వ్యాగన్ సామానే. 2.0 డీజిల్ ఇంజను, 143 హార్స్‌పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. ఒక ముఖ్యమైన తేడా గుర్తుపెట్టుకోండి. 1.8 పెట్రోల్ ఆక్టేవియాలో వచ్చింది ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ. ట్రాఫిక్‌లో వేడెక్కి ఇబ్బంది పెట్టేదని చెడ్డపేరు తెచ్చుకున్నది అదే. డీజిల్‌లోది ఆయిల్లో మునిగి ఉండే క్లచ్, చాలా మెరుగు. దానికీ ప్రతి 60,000కి ఆయిలు మార్చాలి. 320డి అంత ఆనందం ఇస్తుందా? ఇవ్వదు. ముందు చక్రాల బండి, స్టీరింగ్ అంత మాట్లాడదు. కానీ తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కి నొక్కితే మీకు నవ్వు వస్తుంది. సామాన్లు 320డి కంటే తక్కువ ధరకు దొరుకుతాయి. ఫోక్స్‌వ్యాగన్ జెట్టాలోనూ 2.0 డీజిలే ఉంది కాబట్టి ఈ రకం ఇంజన్ల పని తెలిసిన మెకానిక్కులు దొరకడం తేలిక.

విజయవాడ బండి అన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మీరూ చూసే ఉంటారు. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ అంతే. మునిగిన బండిని శుభ్రం చేసి, సెంటు కొట్టి అమ్మేవాళ్లున్నారు. జర్మన్ బండ్లకు నీళ్లు మరీ ప్రమాదం. ఎఫ్30 బ్యాటరీయే వెనక డిక్కీలో ఉంటుంది. వైర్ల కనెక్టర్లు కార్పెట్టు కిందుగా వెళ్తాయి. ఇవాళ నడిచిన బండి ఆరు నెలలకు ఒక్కొక్క లైటూ వెలిగించుకుంటూ చచ్చిపోతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల తుప్పు చూడండి. డిక్కీలో చాప లేపి కింద చెయ్యి పెట్టండి. మీరు నీళ్లలో ఉప్పు, అమ్మోనియా పట్టే మనిషి. ఆ బురద వాసన మీకు నేను చెప్పాలా?

మన రోడ్లు కూడా ఈ లెక్కలోకి రావాలి. హైదరాబాదు ఔటర్ మీద మీరు నడిపిన ఆనందం ఏటిగట్టు మీద దొరకదు. 320డి నేలకు దగ్గరగా ఉంటుంది. పల్లెల్లో ఎత్తుగా పోసిన స్పీడు బ్రేకర్లకు పొట్ట తగులుతుంది. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పుడు ఆ పలక వాలు మీద ముందు బంపరు గీసుకుంటుంది. నర్సాపురం వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావడమే దానికి క్షేమం. వరదకు కాజ్‌వేలు మునిగినప్పుడు దాన్ని నీళ్లలో దించాలన్న ఆలోచనే వద్దు. ఇక టైర్లు. ఇవి రన్ ఫ్లాట్ టైర్లు, గాలి పోయినా కొంతదూరం నడుస్తాయి. అందుకే చాలా వాటిలో స్టెప్నీ ఉండదు, ఉన్నా సన్నటి చిన్న చక్రమే. పక్కగోడ గట్టిగా ఉండటం వల్ల గుంతల్లో దెబ్బ రిమ్ముకు, సస్పెన్షన్ బుష్‌లకు తగులుతుంది. టైరు మీద నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ మార్చాల్సినవైతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

మీ ప్రయాణంలో మంచి సంగతి కూడా ఒకటుంది. కొన్ని డీజిలు బండ్లలో పొగ బయటికి పోయే దారిలో ఉండే మసి ఫిల్టరు రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసేవాళ్లకు మూసుకుపోతుంది. మీరు ఒక్క ఊపున 40 కిలోమీటర్లు వెళ్తారు కాబట్టి ఆ బెడద తక్కువ.

కాగితాల విషయం త్వరగా చెప్తాను. తెలంగాణ బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), యజమాని సంతకాలతో ఫారం 29, 30 కావాలి. ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35. తర్వాత మన రాష్ట్రంలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకుంటే పదిన్నర లక్షల బండి నిజంగా ఎంతకు పడుతుందో తేలుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్, చలాన్లు, ఇన్సూరెన్స్ చూడండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటరులో పాత సర్వీసుల రికార్డు అడగండి. మీటరు వెనక్కి తిప్పినా బీఎండబ్ల్యూలో అసలు కిలోమీటర్లు మాడ్యూళ్లనే వేరే కంట్రోల్ బాక్సుల్లోనూ, తాళం చెవిలోనూ నమోదై ఉంటాయి. షెడ్డులో కంప్యూటర్ స్కానింగ్ చేయించి, వాటినీ మీటరునూ పోల్చమనండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పదిన్నరకే 320డి తీసుకోవచ్చు. అప్పుడు ట్యాక్సుకు కూడా అప్పు చేయాలి. మొదటి ఏడాది పెద్ద రిపేరు ఏదీ రాకపోతే మీకంటే అదృష్టవంతులు ఉండరు. వస్తే మీరు బస్సులో, బండి విజయవాడ షెడ్డులో, నాన్నగారు మళ్లీ 2009లో ఉంటారు. ఈ దారి నాకు భయంగా ఉంది. ఆక్టేవియా పరీక్షల్లో నెగ్గితే, బేరమాడి ఏడున్నర దగ్గరికి తెస్తే, చేతిలో మూడు లక్షలు ఉంచుకుని నిబ్బరంగా నడుపుకోవచ్చు. కానీ ప్రతి వంపులో 320డి గుర్తుకొస్తుంది, ఆ మాట దాచను. మూడోది, పాత బండి ఆలోచనే పక్కనపెట్టి, 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ రెండు మూడేళ్లది చూడొచ్చు. వన్ లీటర్ టర్బో పెట్రోలు, 115 హార్స్‌పవర్. కంపెనీ వారంటీ మిగిలి ఉన్నది దొరికితే నాన్నగారి భయం చాలావరకు తీరుతుంది. హోదా తక్కువ, నడిపే సుఖం తక్కువేం కాదు. తమ్ముడు చెప్పిన కొత్త ఎస్‌యూవీ మంచి బండే కావచ్చు కానీ అది తమ్ముడు కోరుకున్న బండి, మీరు కోరుకున్నది కాదు. నాలుగోది, ఒక ఏడాది ఆగడం. మీరు ఇప్పుడు కూడబెడుతున్న తీరులో ఏడాదికి ఇంకో రెండు లక్షలు చేరతాయి, ఈ 320డి బండ్ల ధర ఇంకా దిగుతుంది. అప్పుడు అదే బండి రిజర్వుతో సహా మీ చేతికి అందుతుంది. మీ స్థానంలో నేనుంటే ఆక్టేవియాకూ ఈ ఏడాది ఆగడానికీ మధ్యే ఊగుతాను. ఏది తీసుకున్నా స్కూటీ మాత్రం అమ్మకండి. బండి షెడ్డులో ఉన్న వారం రోజులు ఉద్యోగానికి వెళ్లాల్సింది దాని మీదే.

టోకెన్ సంగతి. 20,000 పోతుందేమోనన్న బాధతో పది లక్షల నిర్ణయం చేయకండి. ఈ రాత్రే బ్రోకరుకు ఫోను చేయండి. పూర్తి తనిఖీ అయ్యాకే మిగతా మాట అని, తనిఖీలో తేడా వస్తే టోకెన్ తిరిగివ్వాలని చెప్పి, అదే మాట మెసేజీగా కూడా పంపండి. ఆదివారం పార్టీ వస్తే రానివ్వండి. ఒప్పుకుంటే ముందురోజు సాయంత్రం హైదరాబాదు చేరుకుని, తెల్లవారుజామున బండి కదలకముందే వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, నాన్నగారిని తీసుకెళ్లండి. టోకెన్ ఇచ్చిన సంగతి బయల్దేరకముందే ఆయనకు చెప్పేయండి, కోప్పడితే పడనివ్వండి. "నువ్వొచ్చి ఇంజను విను నాన్నా, నువ్వు బాగుందంటేనే కొంటాను" అనండి. ఆ మాట అన్నాక నిలబడాలి సుమా. ఇన్నేళ్లు డీజిలు ఇంజను పక్కన కూర్చున్న చెవికి స్కానింగ్ మిషనుకు దొరకనివి కూడా దొరుకుతాయి. ముందు బానెట్ మీద ఆయన్ని చెయ్యి పెట్టి చూడమనండి. చల్లగా ఉంటేనే తాళం తిప్పండి. తిప్పేది మీరు, వినేది ఆయన.